మూడో బ్యాటరీ

ఆ రోజు బ్యాటరీ అయిపోయి డ్రోను తనంతట తాను కిందికి దిగిందా, లేక మహిపాల్ సమయం చూసి దింపాడా? రెండేళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. ముప్పై ఆరేళ్లు పుస్తకాల మధ్య కూర్చుని బతికినవాణ్ణి. అర్థం కాని పుటను నాలుగుసార్లు చదివితే ఎంతో కొంత తెలుస్తుందని నమ్మేవాణ్ణి. ఈ పుట ఎన్నిసార్లు చదివినా అక్కడే ఆగుతోంది. అందుకే మహిపాల్ గురించి తెలిసినదంతా మొదటినుంచి రాసి చూద్దామనుకున్నాను. రాస్తుంటే అసహ్యం వేస్తుందని తెలుసు. వేయనీ.

లింగంపేటలో మా ఇంటికి ఎదురిల్లు భూదవ్వది. మహిపాల్ పాలు తాగే వయసులోనే ఆమె భర్త పోయాడు. అప్పటినుంచి బీడీలే ఆధారం. తెల్లవారగానే చాట ఒళ్లో పెట్టుకుని గడప దగ్గర కూర్చునేది. ఆమె కత్తెర తునికాకును కత్తిరించే చప్పుడు మా ఇంట్లోకి వినబడుతుండేది. ఆ చప్పుడు ఆగిందంటే పొద్దు గూకిందని లెక్క.

నేను ఎల్లారెడ్డి గ్రంథాలయంలో పనిచేసేవాణ్ణి. మహిపాల్ అక్కడి హైస్కూలుకు వచ్చేవాడు. బడి విడిచాక గ్రంథాలయానికి వస్తే, ఎదురింటి పిల్లవాడు చదువుకుంటున్నాడని సంతోషించాను. వాడు వచ్చేది పత్రికలో సినిమా పేజీ ఉన్న రోజుల్లోనేనని తర్వాత తెలిసింది. జేబులో సగం విరిగిన బ్లేడు ఉండేది. తన హీరో బొమ్మను భుజాలు, జుట్టుతో సహా అంచు చెదరకుండా కోసుకుపోయేవాడు. పాత పత్రికలు కిటికీకి ఎదురుగా పట్టుకుంటే, హీరో ఆకారంలో ఎండ లోపలికి వచ్చేది.

ఒకసారి మహమ్మద్‌నగర్ నుంచి ఒక రైతు వచ్చాడు. మక్కజొన్నకు పట్టిన పురుగు గురించి ఏదో పడిందట, ఆ పత్రిక కావాలన్నాడు. తీసి ఇచ్చాను. మందు పేరు ఉండవలసిన చోట హీరో భుజమంత రంధ్రం ఉంది. ఆ సాయంత్రం మహిపాల్‌ను పిలిచి అడిగాను.

"ఏందిరా ఇది?"

"బొమ్మ మంచిగున్నది సారూ."

"వెనుక ఏమున్నదో చూసినవా?"

వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎనక చూస్తరా సారూ ఎవలన్న?"

ఆ మాటకు అప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వు రాదు.

చదువు ఇంటర్‌తో ఆగింది. అభిమానం ఆగలేదు. కామారెడ్డిలో సినిమా విడుదలైతే మూడు రోజులు ఇంటికి వచ్చేవాడు కాదు. వచ్చినప్పుడు గొంతు ఉండేది కాదు, చొక్కా ఉండేది కాదు, తలలో రంగు కాగితం ముక్కలు ఉండేవి. ఒక ఏడు ముంజేతి మీద హీరో పేరు పచ్చబొట్టు పొడిపించుకుని వచ్చాడు. భూదవ్వ ఆ చెయ్యి పట్టుకుని చూసి, "నీ అయ్య మొగమన్న యాదికి లేదు నీకు. ఈనె పేరు రాయించుకున్నవ్. ఈనె వచ్చి నా ఆకు తడుపుతడారా?" అంది.

తర్వాత కామారెడ్డి బస్టాండు దగ్గర ఫోన్ల దుకాణం పెట్టాడు. కొత్త ఫోను డబ్బా విప్పడం కూడా వీడియో తీసేవాడు. పైనున్న పలుచటి కాగితాన్ని వేలితో మెల్లగా ఒలుస్తూ, కళ్లు సగం మూసేవాడు. పూజారికి కూడా అంత భక్తి ఉండదు. ఇక ఆటలు. చెవులకు లైట్లు వెలిగే హెడ్‌ఫోన్లు పెట్టుకుని, "ఎడమ దిక్కున్నడు, సంపు, సంపు" అని అరిచే అరుపులకు మా పెరట్లోని కోళ్లు బెదిరేవి. ఆ ఆటల కోసమని ఎర్రదీ నల్లదీ కలిసిన పెద్ద కుర్చీ ఒకటి తెప్పించాడు. పెంకుటింట్లో అది సింహాసనంలా ఉండేది. వాడు లేనప్పుడు భూదవ్వ దాని మీద తడి గోనెసంచి ఆరేసేది.

ఒక్క మంచి మాట రాయకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఒకనాడు నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, నా కాలంనాటి పాట ఒకటి వినిపించాడు. వందసార్లు విన్న పాటే. కానీ రెండు మాటల నడుమ గాయని ఊపిరి తీసుకోవడం ఆ రోజే మొదటిసారి విన్నాను. కళ్లు తెరిస్తే మహిపాల్ నా ముఖంలోకే చూస్తున్నాడు. "విన్నవా సారూ? ఊపిరి విన్నవా?" అన్నాడు. వాడి ముఖం పసిపిల్లవాడి ముఖంలా వెలిగిపోతోంది. అంత సన్నటి చప్పుడు వినగలిగే చెవులు వాడివి. ఆ చెవులకు ఇంట్లో మనిషి ఊపిరి ఎందుకు వినబడలేదో నాకు తెలియదు.

అప్పటికే భూదవ్వకు దమ్ము పట్టుకుంది, నాలుగు మాటలకే ఆయాసపడేది. పొగాకు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు మరి. చూసుకునేది కోడలు వినీత. మహమ్మద్‌నగర్ పిల్ల, మాట బయటికి రాదు. అత్తాకోడళ్లు మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని బీడీలు చుట్టేవారు. అప్పటికి దుకాణంలోనే ఉంటున్న మహిపాల్ వారానికోసారి కామారెడ్డి నుంచి వచ్చేవాడు, వీడియో తీయడానికి.

వీడియోలో ఉండేది తల్లే. భూదవ్వ తిట్లు ఊరంతటికీ తెలుసు. వాడు ఆమె కత్తెర దాచేవాడు, తలుపు చాటునుంచి ఫోను పట్టేవాడు. "నా కత్తెర ఏడ వెట్టినవ్‌రా, నీ పోన్ల పేడ వెట్ట" అని ఆమె మొదలుపెడితే, కింద డప్పుల మోత కలిపి లోకానికి వదిలేవాడు. లక్షలమంది చూశారు. కామారెడ్డి నుంచి కుర్రాళ్లు బండ్ల మీద వచ్చి, "అవ్వా, జర నన్ను తిట్టవా" అని అడిగి మరీ తిట్టించుకుని ఫోటోలు దిగేవారు. మొదట్లో ఆమె కూడా నవ్వింది. తర్వాత తర్వాత, "తిట్టబుద్ధి అయితలేదు కొడుకా, దమ్మొస్తుంది" అంటే, ఆ దమ్మును కూడా తీశాడు. దగ్గీ దగ్గీ ఆమె గోడకు ఆనుకునే వీడియో కింద 'అవ్వ కోలుకోవాలని లైకు కొట్టుండ్రి' అని రాశాడు. నా భార్య ఆ వీడియో చూసి ఫోను బోర్లించి పెట్టింది. ఆ పూట మేమిద్దరం అన్నం సరిగా తినలేదు.

పోయే ముందు ఒకరోజు భూదవ్వ నాతో అంది: "సారూ, నా కొడుకు నన్ను లోకానికి సూపిచ్చిండు. నన్ను సూసుకున్నది మాత్రం ఈ పిల్లనే."

మాఘమాసంలో భూదవ్వ పోయింది. మూడో రోజు పొద్దున పిట్టకు పెట్టడానికి అందరం చేను దగ్గరికి వెళ్లాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతాం. పిట్ట వచ్చి ముట్టాలి. ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయినట్టు. పిట్ట ముట్టేదాకా ఎవరూ పచ్చి మంచినీళ్లు తాగరు.

వినీత ఒక్కతే అన్నీ వండింది. జొన్నరొట్టె, చేపల పులుసు, అన్నం. పక్కన ముంతలో కల్లు, నాలుగు బీడీలు, సాసరులో చాయ. గట్టు మీద విస్తరి పెట్టి, అందరం మోటరు కొట్టం దాకా వెనక్కి వచ్చాం. విస్తరికి కొంచెం దూరంలో వేపచెట్టు. దాని మీద రెండు కాకులు అప్పటికే వచ్చి కూర్చున్నాయి.

మహిపాల్ సంచీ జిప్పు తీశాడు. అందులోంచి బూడిదరంగు డ్రోను తీసి, మడిచి ఉన్న దాని చేతులు విప్పాడు.

"ఏందిరా అది?" అని మేనమామ సిద్ధిరాములు అడిగాడు.

"డ్రోను మామా. మీదికెల్లి తీస్తే సినిమా లెక్కొస్తది. అవ్వ ఫాలోవర్లు అడుగుతుండ్రు."

"ఇయ్యాలనా?"

"ఇయ్యాల గాకుంటే మళ్ల ఎప్పుడొస్తది మామా?"

అది జుయ్యిమని లేచింది. వేపచెట్టు మీది కాకులు రెండూ ఒకేసారి లేచి మక్క చేనుమీదుగా వెళ్లిపోయాయి. నేను చూశాను. మిగతావాళ్లు విస్తరినే చూస్తున్నారు.

పావుగంట గడిచింది. "రా అవ్వా, రా" అని ఒకరి తర్వాత ఒకరు పిలిచారు. సిద్ధిరాములు నాలుగడుగులు ముందుకు వెళ్లి చేతులు జోడించాడు. "అక్కా, నీ మనుమరాలు ఆశ్రితను నేను సదివిస్త. రందివెట్టుకోకు. వచ్చి ముట్టు." ఆశ్రితకు ఏడేళ్లు. తల్లి కొంగు పట్టుకుని ఆకలికి ఏడుస్తోంది. పిట్ట రాలేదు.

డ్రోను దిగింది. "ఒక్క నిమిషం, బ్యాటరీ మారుస్త" అన్నాడు మహిపాల్. ఆ నిమిషంలో ఒక కాకి తిరిగి వచ్చి కింది కొమ్మ మీద వాలింది. మెడ వంచి విస్తరి వైపు చూసింది. జుయ్యిమని మళ్లీ లేవగానే అదీ లేచిపోయింది.

ఎండ పెరిగింది. అప్పుడు భూమక్క నోరు విప్పింది. ఆమె భూదవ్వకు ఆడబిడ్డ, మహిపాల్‌కు మేనత్త.

"కడుపుల ఏదో వెట్టుకొని పోయింది మా వదినె. ఎవలు ఏం వెట్టిండ్రో, ఎవలు ఏం వెట్టలేదో, దానికే ఎరుక."

అందరి చూపూ వినీత మీద పడింది.

"చాయల సక్కెర సుత లెక్కజూసి పోసినవంట గదనే?"

"షుగరున్నది, డాక్టరు వద్దన్నడు అత్తమ్మా," అంది వినీత. ఆమె గొంతు అందరిలో వినడం నాకదే మొదటిసారి.

"డాక్టరొచ్చి ముడుతడా ఇప్పుడు? సచ్చేదాక తియ్యటి చాయకు మొగం వాసింది ముసల్ది."

రెండో బ్యాటరీ అయిపోయింది. మహిపాల్ మూడోది వేస్తున్నాడు. నేను వాడి దగ్గరికి వెళ్లాను. జీవితంలో నలుగురి ముందు గొంతు పెంచినవాణ్ణి కాదు. మెల్లగా అన్నాను.

"మహిపాల్, దాని చప్పుడుకు..."

"సారూ, ఫ్రేములకొస్తున్నవ్. జర్ర ఎనకకు జరుగు."

నేను వెనక్కి జరిగాను. ఇది రాయడానికే ఇన్ని పేజీలు పట్టింది. నేను వెనక్కి జరిగాను.

భూమక్క వినీత భుజం పట్టుకుని ముందుకు తోసింది. "పో. అత్తను అడుక్కో. పిల్ల ఆకలికి సచ్చేటట్టున్నది." వినీత మహిపాల్ వైపు చూసింది. వాడు చేతిలోని తెర వైపు చూస్తున్నాడు. ఆమె ఒక్కతే నడిచి వెళ్లి, విస్తరి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. డ్రోను కిందికి వచ్చింది. ఆమె తలమీదికి, తర్వాత ముఖం ఎదుటికి. దాని గాలికి ఆమె కొంగు జారింది. సర్దుకుని చేతులు జోడించింది.

"తప్పయింది అత్తా. సక్కెర తక్కువేసిన. మాఫ్ జెయ్. వచ్చి తిను."

డ్రోను మెల్లగా వెనక్కి వచ్చింది, కొట్టం పక్కన దిగింది, చప్పుడు ఆగిపోయింది. ఎంతసేపో కాదు, రెండు నిమిషాలు. కాకి వచ్చింది. వినీత ఇంకా అక్కడే ఉంది, ఆమె ఎదుటే కాకి చేపముక్కను ముక్కున పట్టింది.

"ముట్టింది! ముట్టింది!" అని అందరూ అరిచారు. ఆడవాళ్లు ఏడ్చారు. "సూస్తిరా? తప్పొప్పుకునేదాక రాలే," అంది భూమక్క. సిద్ధిరాములు కూడా తల ఊపాడు. వినీత లేవలేదు. మహిపాల్ చెమట తుడుచుకుంటూ డ్రోను చేతుల్లోకి తీసుకుని, "పడ్డది మామా. షాట్ పడ్డది," అన్నాడు.

ఆ సాయంత్రానికే వీడియో వచ్చింది. 'కోడలు తప్పు ఒప్పుకోంగనే వచ్చిన అవ్వ' అని పెద్ద అక్షరాలు. కాకి నెమ్మదిగా రెక్కలు విప్పుతుంటే కింద వయొలిన్ ఏడుస్తోంది. డ్రోను లేవగానే ఖాళీ అయిన వేపచెట్టు అందులో ఎక్కడా లేదు. వీడియో కింద వేలమంది రాసిన మాటలు ఇక్కడ రాయను. అవి రాసినవాళ్లలో మా ఊరివాళ్లు కూడా ఉన్నారు.

బీడీ కట్టలు అప్పగించడానికి వినీత కార్ఖానాకు వెళితే, పక్కన కూర్చునే ఆడవాళ్లు చాటలు ఎత్తుకుని అవతలికి జరిగారట. బడిలో ఆశ్రితను 'సక్కెర బిడ్డ' అన్నారట. మహమ్మద్‌నగర్ నుంచి వినీత తల్లి ఫోను చేసి, ఏమీ అనకుండా ఏడ్చి పెట్టేసిందట. ఇవన్నీ నాకు చెప్పింది నా భార్య.

ఆరో రోజు వినీత మా అరుగు దగ్గరికి వచ్చి నిలబడింది.

"సారూ, మీరు సదువుకున్నోళ్లు. నిజంగ సక్కెర కోసమే అత్త రాలేదా?"

లోకం నమ్మడం ఒక ఎత్తు. ఈమె కూడా నమ్మడం మొదలుపెట్టింది.

"కాదు బిడ్డా. డ్రోను మీద ఉన్నంతసేపు కాకులు రావు. లేవంగనే పోయినయి. దిగినంకనే వచ్చినయి. నేను చూసిన."

"సూసిండ్రా?"

"చూసిన."

"మరి అప్పుడెందుకు అనలే సారూ?"

ఆమె కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగింది. ఇంతలో పిల్ల పిలిస్తే వెళ్లిపోయింది.

మర్నాడు బస్సెక్కి కామారెడ్డి వెళ్లాను. దుకాణంలో మహిపాల్ నన్ను చూసి కుర్చీ వేశాడు. "సారూ, పది లక్షలు దాటింది. అవ్వ పోయినంకనే మస్తు పైకొచ్చింది," అన్నాడు. తల్లి చనిపోయి వారమైంది. చేతికి కొత్త గడియారం ఉంది, అడుగులు లెక్కపెట్టేది.

"ఆ వీడియో తీసెయ్, మహిపాల్. నీ భార్యను ఊరు నోట్ల వేసుకుంటుంది."

"నాలుగు రోజులైతే మరుస్తరు సారూ. అది అవ్వ ఆఖరి వీడియో. కన్నతల్లిది ఎట్ల తీసేస్త?" వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నిజమో కాదో నాకు తెలియలేదు. అలా తెలియకపోవడమే అన్నిటికన్నా రోతగా తోచింది.

"ఒక్కటి చెప్పు. ఆ రోజు బ్యాటరీ అయిపోయిందా, నువ్వు దింపినవా?"

వాడు నా వైపు చూశాడు. తర్వాత నవ్వాడు.

"సారూ, క్లైమాక్స్ అడుగుతున్నవ్ నువ్వు," అని, గల్లాలోంచి చిన్న డబ్బా తీశాడు. "గివి కొత్తగొచ్చినయి. చెవుల వెట్టుకో, ఇంకా మంచిగ వినవడ్తది."

డబ్బా గల్లా మీదే వదిలి వచ్చేశాను.

తొమ్మిదో రోజు మళ్లీ పిట్టకు పెట్టాలి. అదే చేను, అదే గట్టు. వినీతే వండింది. సాసరులో చాయ పోసి, పక్కన ఒక దోసెడు చక్కెర కుప్పగా పోసింది. భూమక్క అది చూసి మూతి తిప్పుకుంది. ఈసారి నేను రాత్రంతా కూడబలుక్కున్న మాటలతో వెళ్లాను. మహిపాల్ భుజానికి సంచీ వేసుకునే వచ్చాడు, కానీ జిప్పు తీయలేదు. మేము వెనక్కి తిరిగి పది అడుగులు వేశామో లేదో, కాకి వచ్చి విస్తరి మీద వాలింది.

"ఇయ్యాల తొందరగనే వచ్చింది," అన్నాడు సిద్ధిరాములు.

నేను గొంతు సవరించుకున్నాను. నాకన్నా ముందు వినీత మాట్లాడింది.

"ఇయ్యాల డ్రోను ఎందుకు లేపలే?"

మహిపాల్ ఉలిక్కిపడ్డాడు. "గాలున్నది."

మక్క చేనులో ఒక్క ఆకు కదలడం లేదు.

"బ్యాటరీలు మూడు పొద్దుగాల నేనే నిండుగ ఛార్జింగ్ పెట్టిన. లేపు. అందరు సూస్తరు."

"ఏందే నీ లొల్లి, దినం కాడ?" అంది భూమక్క.

"లొల్లి కాదు అత్తమ్మా. అది లేస్తే కాకి ఉంటదో పోతదో సూద్దామంటున్న. సారు ఆనాడే సూసిండంట."

అందరూ నా వైపు తిరిగారు. "చూసిన," అన్నాను. కూడబలుక్కున్న మాటలేవీ రాలేదు. "రెండుసార్లు చూసిన. లేచినప్పుడల్లా పోయినయి. ఆనాడే చెప్పకపోవుడు నాది తప్పు."

సిద్ధిరాములు మేనల్లుడి దగ్గరికి నడిచాడు. కోపంగా లేడు, అలిసిపోయినట్టున్నాడు. "లేపురా. లేకుంటె ఆ పిల్లతోని అనిపిచ్చిన మాట నువ్వన్న అను. తప్పయిందని. ఆమెకు అను."

మహిపాల్ సంచీ పట్టీని బిగించి పట్టుకున్నాడు. విస్తరి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, పెదవి కదిలింది. అంటాడనే అనుకున్నాను. ఆశ్రిత "నాయినా" అని ఒకడుగు ముందుకు వేసింది. వాడు మెడ తిప్పి, గట్టు దిగి, బండి దగ్గరికి నడిచాడు. సంచీని ముందు పెట్టుకుని కిక్కు కొట్టాడు.

బండి చప్పుడుకు కాకి విస్తరి మీదినుంచి లేచి మక్క చేనుమీదుగా వెళ్లిపోయింది. ఈసారి దాన్ని అందరూ చూశారు. భూమక్క కూడా చూసింది. బండి కామారెడ్డి దారి పట్టింది. పోయి వస్తానని తల్లి విస్తరికి చెప్పలేదు, కూతురికి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. వెనక్కి చూడనూ లేదు.